పొర దాటే నీటిని లెక్కపెట్టడం: ఆక్వాపోరిన్ సిమ్యులేషన్‌తో నా అనుభవం

ఎర్ర రక్తకణాల పొరలోనూ మూత్రపిండాల నాళికల్లోనూ ఉండే ఆక్వాపోరిన్-1 అనే ప్రోటీను నీటిని ధారాళంగా పోనిస్తుంది, ప్రోటాన్లను మాత్రం అడ్డుకుంటుంది. ఈ నీటి నాళాలను కనుగొన్నందుకే పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఒక్కో నాళం గుండా సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు పోగలవని పుస్తకాలు చెబుతాయి. అంటే నానోసెకనుకు, అంటే సెకనులో వందకోట్లవ వంతుకు, మూడు. అణువుల కదలికను కంప్యూటరులో అడుగడుగునా లెక్కగట్టే సిమ్యులేషన్ ద్వారా ఆ అంకెకు ఎంత దగ్గరగా రాగలనో చూడడమే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు.

ప్రోటీన్ డేటా బ్యాంకులో 1జె4ఎన్ పేరుతో ఉన్న ఆవు ఆక్వాపోరిన్ నిర్మాణంతో మొదలుపెట్టాను. ఆ ఫైలులో ఒక్క గొలుసే ఉంటుంది. పొరలో మాత్రం నాలుగు గొలుసులు కలిసి ఉంటాయి, ప్రతి గొలుసుకూ దాని నాళం దానిదే. కాబట్టి ముందుగా నాలుగింటినీ కూర్చి, చార్మ్-గుయ్ అనే వెబ్ సాధనం సాయంతో పీఓపీసీ అనే రకం లిపిడ్ల (కొవ్వు అణువుల) పొరలో నిలబెట్టి, పైనా కిందా నీరు నింపి, కొంత ఉప్పు చేర్చాను. మొత్తం లక్షకు పైగా పరమాణువులు తేలాయి. ఆ తరువాత ప్రోటీనునూ లిపిడ్లనూ పట్టి ఉంచే కట్లను ఆరు దశల్లో కొద్దికొద్దిగా సడలించాలి. ఈ ఘట్టంలో తొందరపడితే లిపిడ్లు ప్రోటీను చుట్టూ సర్దుకోకముందే అసలు పరుగు మొదలవుతుంది.

అసలు పరుగుకు గ్రోమాక్స్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాము వాడాను. ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లు, అంటే నానోసెకనులో ఐదు లక్షలవ వంతు. 100 నానోసెకన్లు నడపాలంటే ఐదు కోట్ల అడుగులు పడాలి. గుంటూరు ఎండల్లో, బ్రాడీపేటలోని నా అద్దె గదిలో, మధ్యాహ్నం గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి తనంతట తానే నెమ్మదించేది. అందుకని పగలంతా విశ్లేషణ చేసుకుని రాత్రిళ్లు నడిపేవాణ్ని. కరెంటు పోయినా పెద్ద నష్టం ఉండేది కాదు, ఎందుకంటే గ్రోమాక్స్ మామూలుగా పదిహేను నిమిషాలకొకసారి చెక్‌పాయింట్ రాసుకుంటుంది, అక్కడి నుంచే మళ్లీ అందుకోవచ్చు.

అణువులను బొమ్మగా చూపే వీఎండీ అనే ప్రోగ్రాములో ఆ కదలిక చూస్తే మనసు అక్కడే ఆగిపోతుంది. నీటి అణువులు ఒకదాని వెనుక ఒకటి బారుగా నడుస్తాయి. నాళం మధ్యలో రెండు ఆస్పరాజిన్ అమైనో ఆమ్లాలు ఉన్న చోటికి రాగానే ప్రతి అణువూ తన ఆక్సిజన్‌ను వాటివైపు తిప్పుతుంది. అది దాటేసరికి దాని దిశ తలకిందులవుతుంది. అంతకంటే ఇరుకైన చోటు బయటి ద్వారం దగ్గర ఉంది. అక్కడ ఆర్జినిన్, హిస్టిడిన్ అనే మరో రెండు అమైనో ఆమ్లాల మధ్య దారి వెడల్పు 2.8 ఆంగ్‌స్ట్రామ్‌లే, అంటే దాదాపు ఒక నీటి అణువంత. అయితే బొమ్మ ఎంత బాగున్నా అది కొలత కాదు. మా గైడ్ మేడమ్ ఆ వీడియో చూసి, "బాగుందమ్మా, మరి ఎన్ని దాటాయి?" అని ఒక్క మాట అడిగారు.

లెక్కపెట్టడంలోనే అసలు పని ఉంది. నాళంలోకి తొంగిచూసి వెనక్కి పోయే అణువులే ఎక్కువ, వాటిని కలపకూడదు. అంతకంటే చిక్కు మరొకటి: సిమ్యులేషన్ పెట్టెకు అంచులు ఉండవు, పై అంచు దాటిన అణువు కింది నుంచి తిరిగి వస్తుంది. మొదట ఎక్కడుంది, చివర ఎక్కడుంది అని మాత్రమే చూసే ప్రోగ్రాము దాన్ని పొర దాటినట్టుగా రాసేస్తుంది. అందువల్ల నాళానికి కింద, లోపల, పైన అని మూడు భాగాలు చేసి, ప్రతి అణువూ ఏ భాగం నుంచి ఏ భాగంలోకి వెళ్లిందో వరుసగా గుర్తుంచుకుని, ఒక వైపు నుంచి వచ్చి లోపలంతా నడిచి మరో వైపు తేలినదాన్నే ఒక దాటుగా తీసుకున్నాను. రెండు దిశల దాట్లనూ వేరువేరుగా రాశాను. బయట ఒత్తిడి తేడా ఏమీ లేదు కనుక అవి దాదాపు సమానంగా రావాలి. అలా రాకపోతే పరుగు సరిపోలేదని అర్థం.

వచ్చిన అంకె నానోసెకనుకు మూడుకు ఎంతో దూరంలో ఉంది. కారణం సిద్ధాంతంలో ఉంది. పుస్తకాల్లోని అంకె ద్రవాభిసరణ వేగానిది, నేను లెక్కపెట్టినది ఒక్కో అణువు పూర్తిగా దాటిన వేగం. సినిమా హాలు టికెట్ల సందులో ముందున్నవాడు ఒక అడుగు వేస్తే వరుసంతా జరుగుతుంది, కానీ చివర చేరినవాడు కిటికీ దాకా వెళ్లాలంటే వరుసంతా నడవాలి. నాళంలో N అణువులు బారుగా ఉంటే ఈ రెండు వేగాల నిష్పత్తి దాదాపు N+1. అందుకని వరుసంతా కలిసి ఎంత జరిగిందో కొలిచే సమష్టి వ్యాపన పద్ధతికి మారాను. దానికి ప్రతి పికోసెకనుకూ స్థానాలు కావాలి, డిస్కు చూస్తుండగానే నిండిపోతుంది కాబట్టి లిపిడ్లను వదిలేసి ప్రోటీనునూ నీటినీ మాత్రమే దాచాను.

ఈసారి అంకెలు సరైన పరిధిలోకి వచ్చాయి. అయినా నాలుగు నాళాలకూ నాలుగు విలువలు వచ్చాయి. సగటు ఒక్కటే రాయకుండా నాలుగింటినీ పట్టికలో వేయమన్నారు మేడమ్. నేను వాడిన టిఐపి3పి నీటి నమూనా అసలు నీటికంటే రెండింతలకు పైగా వేగంగా వ్యాపిస్తుందన్న విషయాన్ని పట్టిక కిందే రాయించారు. అదే నాళాన్ని మరో నీటి నమూనాతో నడపడం ఇంకా మిగిలి ఉంది.