పత్తి కట్టె మీద హంస: ఏడో వారం

ఆదివారం పొద్దున అచ్చు విప్పాం. హంస మెడ చక్కగా వచ్చింది. ముక్కు మాత్రం రాలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు మాటలు. నేను హనుమకొండలో డ్రాయింగ్ టీచర్‌ని. మా వీధిలోనే ఉండే అక్క డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తారు. 2014లో న్యూయార్క్‌లోని మోమా పీఎస్1 అనే ఆర్ట్ మ్యూజియం ఆవరణలో మొక్కజొన్న కట్టె ముక్కల్లో శిలీంధ్రాన్ని (పుట్టగొడుగు జాతిని) పెంచి, దాని పోగులే ముక్కల్ని అతికించేలా చేసి, ఆ సుమారు 10 వేల ఇటుకలతో ఒక గోపురం నిలబెట్టారు. అక్క ఆ ఫోటో చూపించగానే నాకు మన పత్తి చేలు గుర్తొచ్చాయి. ఆఖరి ఏరుడు అయిపోయాక కట్టె పీకి, కుప్పేసి తగలబెడతారు కదా. ఆ కట్టెతోనే ఖిలా వరంగల్ తోరణం మీది హంసను అడుగు ఎత్తున పెంచుదామని కూర్చున్నాం.

మొదటి విడత మొత్తం పోయింది. కిలో ఎండు సరుకు తీసుకున్నా: 700 గ్రాముల పత్తి కట్టె ముక్కలు, 300 గ్రాముల వరిగడ్డి. రాత్రంతా నానబెట్టి, మరిగిన నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు ఉంచి వడకట్టా. జొన్నల మీద పెంచిన ఆయిస్టర్ పుట్టగొడుగు విత్తనం 200 గ్రాములు కలిపి మూడు సంచులు కట్టా. నాలుగో సంచి దగ్గర అక్క ఆపారు. "తమ్మీ, దీంట్ల విత్తనం వెయ్యకు. ఉత్తదే కట్టి పెట్టు." ఒక సంచి సరుకు దండగ అనిపించింది, ఆమె మాట కాదనలేక కట్టా.

ఆరో రోజుకు విత్తనం వేసిన సంచుల్లో ఆకుపచ్చ బూజు. విత్తనం అమ్మినాయన మోసం చేశాడని నేను ఫోన్ తీశా. అక్క ఆ ఉత్త సంచి తెచ్చి ముందు పెట్టారు. అందులోనూ అదే ఆకుపచ్చ. అంటే బూజు విత్తనంలోది కాదు, కట్టెలోనే ఉంది. బొటనవేలు లావు ముక్కలు లోపలిదాకా వేడెక్కలేదు. అది ట్రైకోడెర్మా అని మైక్రోస్కోపులో చూసి చెప్పారు. ఎండు తెగులు రాకుండా మన రైతులు పశువుల ఎరువులో కలిపి చల్లేది దాన్నే. చేలో మంచిదే, మా సంచిలో మాత్రం పుట్టగొడుగు తిండి అది తినేస్తుంది.

రెండో విడతలో కట్టెను చిటికెన వేలి గోరంత ముక్కలు చేసి, 80 డిగ్రీల నీళ్ళలో గంటన్నర ఉంచాం. మిగతాదేదీ మార్చనివ్వలేదు అక్క. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి, ధారగా కారితే ఇంకా ఆరబెట్టాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులో పల్చటి ప్లాస్టిక్ పరిచి, సరుకు అదిమి నింపి, పైన కప్పి సూదితో బొక్కలు పొడిచాం. గదిలో 25 నుంచి 28 డిగ్రీలు. నాలుగో రోజు ఒక్కో జొన్న గింజ చుట్టూ దూది పింజలా తెల్లటి వలయం. పన్నెండో రోజు ఆ వలయాలు ఒకదాన్నొకటి పట్టుకుని మెడ వంపు అంతా వెన్న రాసినట్టయింది. వేలితో తడితే లోపల బోలుగా కాకుండా నిండుగా మోగింది.

పద్దెనిమిదో రోజు విప్పాం. అప్పుడు కిలో 200 గ్రాములు. పుట్టగొడుగు మొగ్గ తొడగకముందే ఎండబెట్టాలి, లేకపోతే గదినిండా బీజాలు రాలి దగ్గు పట్టుకుంటుంది. విప్పేటప్పుడు మాస్కు తప్పనిసరి. మూడు రోజులు డాబా మీద ఎండలో, తర్వాత 80 డిగ్రీల ఓవెన్‌లో నాలుగు గంటలు. శిలీంధ్రం చచ్చి పెరుగుదల ఆగిపోతుంది. ఇప్పుడు బరువు 390 గ్రాములు.

మధ్యలో ఇంకో పని. సూక్ష్మ శైవలాలతో, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచుతో, బొమ్మలు తీసే ఫ్రెంచ్ కళాకారిణి లియా జిరో గురించి తెలిశాక, అక్క ల్యాబ్ నుంచి క్లామిడోమోనాస్ నీళ్ళు తెచ్చారు. ఈ ఒంటికణపు నాచుకు రెండు తోకలు, వెలుగును గుర్తించే ఒక చుక్క ఉంటాయి. ఈదుకుంటూ వెలుగు వైపు పోతుంది. ఆ నీళ్ళు పోసిన గాజు పళ్ళెం కింద హంస ఆకారం కత్తిరించిన నల్ల కాగితం పెట్టి, అడుగు నుంచి టేబుల్ లైటు వేశాం. నేను తొందరపడి లైటు దగ్గరగా జరిపా. రెండు గంటలకు హంస తెల్లగా, చుట్టూ ఆకుపచ్చగా ఉంది! వెలుగు మరీ ఎక్కువైతే అవి వెనక్కి పారిపోతాయట. లైటు రెండడుగులు దూరం జరిపితే నెమ్మదిగా ఆకుపచ్చ హంస తేలింది. పళ్ళెం కదిపితే చెదిరిపోతుంది, అందుకే కదపకుండా ఫోటో తీసుకున్నాం. ఆ తెల్ల హంసనూ దాచుకున్నా, నాకు అదే ఎక్కువ నచ్చింది.

ముక్కు సంగతి: ముక్కు మొన దగ్గర అచ్చు వెడల్పు అర సెంటీమీటరే, కట్టె ముక్క అంతకన్నా లావు. ఈసారి వరిగడ్డిని మిక్సీలో పొడి చేసి, జల్లెడ పట్టి, ముక్కులో ముందు ఆ పొడే నింపి, దాని వెనక కట్టె వేస్తాం. ఎండలు ముదిరితే గది 28 దాటిపోతుంది, కాబట్టి ఈ వారంలోనే సంచులు కట్టాలి. ఉత్త సంచి ఒకటి నేనే ముందు కట్టి పెట్టా.