ఆ రెండు పేజీలు దిద్దకండి

బెంగళూరులో వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎక్కువమంది ఆడవాళ్ళు, దళితులు. అవ్వల కాలంలోనే రాయలసీమ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇదే ఊళ్ళో మనం తెలుగు సాహిత్య సభలు పెట్టుకుని శ్రామిక సాహిత్యం గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం, అందులో రైతు వస్తాడు, మిల్లు కార్మికుడు వస్తాడు, సింగరేణి వస్తుంది, పొద్దున్నే ఆ హాలు ముందు రోడ్డు ఊడ్చిపోయిన మనిషి మాత్రం రాదు.

మొన్నొక సభలో వచ్చింది. ఒక పౌరకార్మికురాలి కూతురు, డిగ్రీ చదువుతోంది, వాళ్ళమ్మ మీద రాసిన రెండు పేజీలు చదివింది. తెల్లారకముందే హాజరు కోసం పరుగు, ఆలస్యమైతే కూలి కోస్తారేమోనని టెన్షన్, దారిలో బాత్రూం ఉండదని మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకపోవడం. "పొరక పట్టుకుని పట్టుకుని మాయమ్మ చెయ్యి నిద్రలో గూడా ముడుచుకునే ఉంటాది" అని ఒక వాక్యం. అయిపోగానే ఒక పెద్దాయన, "విషయం బాగుందమ్మా, భాష కాస్త సరిచేసుకుంటే పత్రికకు పంపొచ్చు" అన్నారు. ఆ పిల్ల "సరే సార్" అని కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. ఆయన మంచివారే, కానీ ఆ తెలుగు తీసేస్తే అందులో వాళ్ళమ్మ ఎక్కడుంటుంది?

ఈ ఆడవాళ్ళకు నోరు లేదనుకోవడం పెద్ద పొరపాటు. పర్మినెంట్ చేయమని 2022 జులైలో పని ఆపేసి, ఊళ్ళో ధర్నాలు జరిగే ఫ్రీడమ్ పార్కులో కూర్చున్నారు. 2025 మే డే నాడు 12 వేల మందికి పైగా నియామక పత్రాలు అందాయంటే అలా కూర్చున్నందుకే, ఎవరో దయతలిచి కాదు. చెత్త ఆటోలు నడిపేవాళ్ళు, లోడర్లు ఆ జాబితాలో లేరు, వాళ్ళ పోరాటం మిగిలే ఉంది.

కన్నడంలో ధర్నాకీ కవిత్వానికీ మధ్య ఎప్పటినుంచో రాకపోకలున్నాయి. సిద్ధలింగయ్య గారి కవితల్ని దళిత ఉద్యమం ఊరేగింపుల్లో పాటలుగా పాడుకుంది, ఆయనే తర్వాత విధాన పరిషత్ (శాసన మండలి) సభ్యుడయ్యారు. మన తెలుగు ఆడవాళ్ళు అదే ఊళ్ళో ధర్నాకి కూర్చుంటే అక్కడికి వెళ్ళి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న తెలుగు రచయితలు ఎంతమంది? విప్లవ కవిత్వానికి వారసులమని చెప్పుకుంటాం కదా, మరి అంత దగ్గరగా జరుగుతున్నది మన కథల్లోకి ఎందుకు రావట్లేదో నిజంగా నాకు అర్థం కాదు.

ఆ రెండు పేజీలు అక్షరం మార్చకుండా వేద్దామని నిర్వాహకులతో అన్నాను, ఒప్పుకున్నారు. వచ్చే సభకి వాళ్ళమ్మనీ, ఆమెతో పనిచేసే అక్కల్నీ పిలవాలి, వేదిక మీదకే. ఎప్పటిలా పొద్దున పదింటికి పెడితే వాళ్ళు పనిలో ఉంటారు, కాబట్టి ఈసారి సాయంత్రం పెట్టమన్నాను.