నాన్నగారి పట్టా మీది ఊరు

మా ఇంట్లో గోడకు నాన్నగారి బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, క్రైస్తవ వేదాంత డిగ్రీ) పట్టా ఫ్రేము కట్టి ఉంటుంది. ఆయన చదివింది హైదరాబాదులో, ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో. పట్టా ఇచ్చింది మాత్రం బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ. ఆ ఊరు ఆయన ఎన్నడూ చూడలేదు. మొన్న డిసెంబరులో పనిమీద కలకత్తా వెళ్లినదాన్ని, ఒక పూట మిగుల్చుకుని హౌరాలో లోకల్ రైలెక్కాను. సెరంపూర్‌కే ఇప్పటి పేరైన శ్రీరాంపూర్‌లో దిగి టోటోలో (బ్యాటరీ రిక్షాలో) గంగ ఒడ్డుకు వెళ్లాను.

నదికి ఎదురుగా ఎత్తయిన స్తంభాల కాలేజీ భవనం. ఇనుప గేటు, లోపల ఇనుప మెట్లు డేన్‌మార్క్ రాజు పంపినవట. కమ్మీ మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. అంత బరువు ఓడలో ఎన్ని నెలలు ప్రయాణం చేసి ఉంటుందో!

కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే క్రైస్తవ మిషనరీలు 1818లో 37 మంది విద్యార్థులతో ఈ కాలేజీ పెట్టారు. ముగ్గురూ ఇంగ్లీషువాళ్లే, కానీ ఈస్టిండియా కంపెనీ తన హద్దుల్లో మిషనరీలను ఉండనివ్వకపోతే వాళ్లకు చోటిచ్చింది అప్పట్లో ఈ ఊరిని ఏలుతున్న డేన్‌మార్క్ వాళ్లు. 1827లో ఆరవ ఫ్రెడెరిక్ రాజు డిగ్రీలిచ్చే అధికారంతో చార్టర్ (రాజపత్రం) రాసిచ్చాడు. 1845లో ఊరిని ఇంగ్లీషువాళ్లకు అమ్మినప్పుడు కూడా ఆ హక్కు పోలేదు. అయినా మొదటి బి.డి. పట్టాలు ఇచ్చింది 1915లోనే. చార్టర్ చేతిలో పెట్టుకుని ఎనభై ఎనిమిదేళ్లు ఆగారు! 1918 చట్టం వచ్చాక డిగ్రీల వ్యవహారం చూసే సెనేట్ ఏర్పడింది. వేర్వేరు క్రైస్తవ సంఘాల కాలేజీలు దాని కిందికి వచ్చాయి. మా ఇంటి గోడ మీదికి ఆ పట్టా వచ్చిన దారి అదే.

నాకు అన్నిటికన్నా దగ్గరగా తోచింది మరొకటి. 1812 మార్చిలో ఇక్కడి అచ్చాఫీసు కాలిపోయినప్పుడు కేరీ రాసిన తెలుగు వ్యాకరణం ప్రతి కూడా బూడిదైంది. ఆయన మళ్లీ కూర్చుని రాశాడు. 1814లో అచ్చయింది. తెలుగుదేశంలో ఎన్నడూ కాపురం చెయ్యని మనిషి!

కులం, రంగు, దేశం చూసి ఎవరికీ ప్రవేశం కాదనకూడదని కాలేజీ నిబంధనల్లోనే రాసుకున్నారు. మెట్ల దగ్గర నిలబడి ఆ మాటే తలుచుకుంటూ ఫొటో తీసి నాన్నగారికి పంపాను. కాసేపటికి ఫోన్ చేశారు.

"లోపలికి రానిచ్చారా అమ్మా?"

"రానిచ్చారు నాన్నగారూ. మెట్లెక్కి పైదాకా వెళ్లొచ్చాను."