బావ చేపలకి కాగితం

"ఈ కవర్లు ఎవరివి?" అంది కౌంటర్లో ఆవిడ. చేపలు కోసి, గాలి తీసిన కవర్లలో పెట్టి, గడ్డకట్టించి ఇచ్చే షాపు అది.

"మా బావవి."

"ఆయనెక్కడ?"

"వెళ్ళిపోయాడు, ఎయిర్‌పోర్టుకి."

"అయితే కాగితం ఏదీ?"

అలాస్కా వెళ్ళొచ్చి కొండలూ మంచూ వదిలేసి కాగితం గురించి రాస్తున్నాడేంటి అనుకుంటారేమో. యాంకరేజ్ నుంచి కెనాయ్ నది ఒడ్డునున్న సోల్డాట్నా ఊరి దాకా ఆ మూడు గంటల రోడ్డు ఎంత బాగుంటుందో వెళ్ళినవాళ్ళందరూ ఫోటోలు పెట్టేశారు. నా బుర్రలో మిగిలింది మాత్రం ఆ ఆదివారం పొద్దుటి కాగితమే.

బావది డాలస్, నాది సియాటిల్ పక్కన. సాల్మన్ పట్టాలని అతనికి మూడేళ్ళుగా పిచ్చి. జూలై మూడో వారం, కెనాయ్ నదికి సాకై అనే రకం సాల్మన్ ఎదురెక్కే సమయం. అక్కడివాళ్ళు వాటిని 'రెడ్స్' అంటారు. బయటి రాష్ట్రం వాళ్ళకి మూడు రోజుల లైసెన్సు 30 డాలర్లు. మొత్తం యాత్రలో చవగ్గా దొరికింది అదొక్కటే. అద్దె కారు ధర నేనిక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా వైపు. ఇక్కడ పుస్తెలు కారు అద్దెకే సరిపోయాయి.

నది రంగు చూసి మొదట నమ్మలేదు, నెమలి కంఠం నీలం. హిమానీనదాలు అరగదీసిన రాతిపొడి వల్ల ఆ రంగట. గట్టు తొక్కి పాడుచెయ్యకుండా ఇనప జాలీ నడకదారి వేసి, నీళ్ళలోకి మెట్లు దింపారు. మోకాలి లోతులో భుజం భుజం రాసుకుంటూ జనం. పుష్కరాల రేవే, మొలతాళ్ళకి బదులు రబ్బరు బూట్లు.

ఏటిలోకొచ్చాక సాకై తిండి మానేస్తుంది. ఎర వేసి లాభం లేదు. గట్టు వారగా నోరు తెరుస్తూ మూస్తూ పైకి ఈదుతుంటుంది. బరువు కట్టిన తాడుని పైనుంచి విసిరి, ప్రవాహంతో పాటు కిందికి పోనిచ్చి, మళ్ళీ ఎత్తి విసరాలి. తాడు దాని నోట్లోంచి జారి గాలం పెదవికి తగులుకోవాలి. అదే పని గంటల తరబడి. కవ్వంతో చల్ల చిలుకుతున్నట్టే ఉంటుంది, వెన్న మాత్రం రాదు.

రెండో గంటకి బావ రాడ్ వంగింది. "ఫిష్ ఆన్!" (చేప తగిలింది) అని పక్కవాళ్ళందరూ తాళ్ళు ఎత్తి దారిచ్చారు. పది నిమిషాలు లాక్కుని, జారిపడి, లేచి, గట్టు మీదకి తెచ్చాడు. ఆరేడు పౌన్లుంటుంది, వెండి తాంబాళంలా మెరుస్తోంది. పక్కనున్న ముసలాయన వంగి చూసి "నోట్లో లేదే" అన్నాడు. నిజమే, గాలం వీపు రెక్క మొదట్లో దిగింది. అక్కడి రూలు ప్రకారం నోట్లో కాక ఇంకెక్కడ గుచ్చుకున్నా చేపని వెంటనే నీళ్ళలో వదిలెయ్యాలి. బావ నా మొహం చూశాడు, ముసలాయన మొహం చూశాడు. "ఎవరూ చూడట్లేదు కదరా" అని తెలుగులో గొణిగాడు. ముసలాయనకి తెలుగు రాకపోయినా ఆ వాక్యం అర్థమైనట్టే ఉంది, కదలకుండా నిలబడ్డాడు. బావ గాలం ఊడదీసి, చేపని రెండు చేతులా నీళ్ళలో పట్టుకున్నాడు. అది తోకతో ఒక్కటిచ్చి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాకా బావ ఎవరితో మాట్లాడలేదు.

మనిషికి పరిమితి రోజుకి మూడు చేపలు, చేతిలో ఉంచుకోగలిగేది ఆరు. రెండు రోజులకి బావకి ఆరూ పడ్డాయి, నాకు నాలుగు. పడ్డ చేపకి వెంటనే మొప్పలు కోసి నీళ్ళలో రక్తం కార్చేస్తేనే మాంసం చెడదని ఆ ముసలాయనే నేర్పాడు. కోసే బల్ల దగ్గర మా పక్క కుటుంబం డబ్బాల కొద్దీ చేపలు దింపింది. ఒక్కో చేపకీ తోక చివరలు రెండూ కత్తిరించి ఉన్నాయి. వాళ్ళు అలాస్కా నివాసులు. ఏటి మూతి దగ్గర పెద్ద చేతివలతో పట్టుకునే హక్కు వాళ్ళకే ఉంది, ఇంటి పెద్దకి ఏడాదికి 25, ఇంట్లో మిగతా ఒక్కొక్కరికీ 10 చొప్పున. అలా పట్టినవని తెలియడానికే ఆ తోక గుర్తు. మాకేమో మూడు. నాకు కడుపు మండింది గానీ, ఏరు వాళ్ళది.

ఆదివారం పొద్దున్నే బావ ఎవరిదో కారెక్కి యాంకరేజ్ బయల్దేరాడు. డాలస్ దాకా రెండు విమానాలు మారాలి, చేపల పెట్టె మొయ్యలేనన్నాడు. "నా వాటా కూడా నీ ఫ్రీజర్లో పెట్టు, ఆగస్టులో మీ అక్క వచ్చినప్పుడు తెచ్చుకుంటుంది" అన్నాడు. సరేనని షాపుకెళ్తే ఈ కాగితం గొడవ.

ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. ఒకరు పట్టిన చేపని ఇంకొకరు మోసుకెళ్ళాలంటే పట్టినవాడి పేరు, లైసెన్సు నంబరు, ఏ రకం, ఎన్ని, ఏ రోజు, ఏ నీళ్ళలో పట్టాడో రాసి, పట్టినవాడి సంతకం ఉండాలి. దారిలో వైల్డ్‌లైఫ్ ట్రూపర్, అంటే వేట, చేపల రూళ్ళు చూసే పోలీసు, ఆపితే చూపించాలి. "గడ్డకట్టాయి కాబట్టి సరిపోయింది, పచ్చివైతే పది నీ దగ్గరుంటే నీ పరిమితి దాటినట్టే" అంది. పైగా రూలు తప్పిన చేపని వేరే రాష్ట్రానికి పట్టుకెళ్తే 1900 నాటి లేసీ చట్టం ప్రకారం అది ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టం కింద, నేరమట. మా బావ ఆరు చేపల కోసం ఫెడరల్!

బావకి ఫోన్ చేస్తే దారిలో స్టెర్లింగ్ అనే ఊళ్ళో కాఫీకి ఆగామన్నాడు. పావుగంట దూరం. "కదలకు బావా" అని కారు తీశాను. పెట్రోలు బంకు పక్కన, కారు బానెట్ మీద కాగితం పెట్టి, "చేపకి కూడా ఎన్‌వోసీ ఏంట్రా" అని తిట్టుకుంటూ సంతకం పెట్టాడు.

తిరిగొస్తుంటే నాన్న గుర్తొచ్చారు. నేను ఇంటర్‌లో ఉండగా హైదరాబాద్‌లో పెదనాన్నకని ధవళేశ్వరంలో పులస కొని, థర్మోకోల్ పెట్టెలో ఐసు పోసి, రాజమండ్రిలో గౌతమి ఎక్కారు. పక్కన నేనున్నాను. ఏలూరు దాటేసరికి ఐసు కరిగి బెర్తు కింద నుంచి కాలవ కట్టింది. టీటీఈ వచ్చి ముక్కు ఎగబీల్చి "ఏంటండీ ఇది?" అన్నాడు. "పులసండీ" అన్నారు నాన్న. అంతే. ఆయన టికెట్ల సంగతి మర్చిపోయి పక్కన కూర్చుని, ఎక్కడ దొరికింది, ఎంత పెట్టారు, బెండకాయలు వేస్తారా వెయ్యరా అని విజయవాడ దాకా మాట్లాడాడు. పులసకీ సాకైకీ ఒకటే పోలిక, రెండూ సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కేవే. పులస గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి పోతుంది, సాకై మాత్రం అక్కడే చచ్చిపోతుంది.

యాంకరేజ్ ఎయిర్‌పోర్టులో నా ముందు లైన్లో సూట్‌కేసుల కంటే మైనం పూసిన అట్టపెట్టెలే ఎక్కువున్నాయి. నేను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో సిద్ధంగా ఉంచుకున్నాను. నా పెట్టె 38 పౌన్లు తూగింది, 50 దాకా పర్లేదు. కౌంటర్లో కుర్రాడు "డ్రై ఐస్ ఉందా?" అని మాత్రం అడిగాడు. ఉంటే రెండున్నర కేజీలు దాటకూడదు, పెట్టెని గాలాడకుండా బిగించకూడదు. లేదన్నాను. పెట్టె బెల్టు మీద వెళ్ళిపోయింది. "మా బావవి కూడా ఉన్నాయి ఇందులో" అన్నాను, ఉండబట్టలేక. "కంగ్రాట్స్" అన్నాడు.

కాగితం ఎవరూ అడగలేదు. ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం పెట్టి తగిలించాను.

నిన్న బావ ఫోన్ చేశాడు. "మీ అక్క వచ్చే వారం బయల్దేరుతోంది. నావి ఎన్ని మిగిలాయిరా?"

"రెండు."

"ఒరేయ్, ఆరు పట్టాను!"

"పట్టింది నువ్వే బావా. నాకిచ్చినట్టు కింద సంతకం కూడా నీదే. ఇప్పుడు అక్క చేత పంపాలంటే నేను ఇంకో కాగితం రాయాలి. ఇంట్లో పెన్ను కనబడట్లేదు."