1811 లండన్ విడాకుల నవల: కోర్టు చాప్టర్లు ఒక దారికొచ్చినాయి

1811 లండన్‌లో జరిగే ఒక విడాకుల నవల రాస్తా ఉన్నా. లాస్ట్ అప్‌డేట్‌లో కథ ఎక్కడుందంటే, లార్డు గారికి ఇంకో పెళ్లి కావాల, అందుకని భార్య ఎలిజబెత్‌కి పక్కింటి కెప్టెన్‌తో సంబంధం అంటగట్టినాడు. నిజానికి వాళ్లిద్దరి మధ్య పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం తప్ప ఏం లేదు. ఇప్పుడు ఆ రచ్చ కోర్టుకెక్కింది.

1857 చట్టం రాకముందు ఇంగ్లండులో మళ్లీ పెళ్లి చేసుకునేట్టు విడాకులు కావాలంటే పార్లమెంటులో తమ ఒక్కరి కోసం విడిగా ఒక చట్టం పాస్ చేయించుకోవాల్సిందే. దానికి ముందు భర్త, తన భార్యతో సంబంధం పెట్టుకున్నాడని రెండో మగాడి మీద 'క్రిమినల్ కన్వర్సేషన్' అనే నష్టపరిహారం డబ్బు దావా గెలవాల, చర్చి కోర్టులో వేరుగా ఉండేదానికి ఉత్తర్వు తెచ్చుకోవాల, ఆ తర్వాతే పార్లమెంటు పైసభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో బిల్లు. డబ్బున్నోళ్లకే సాధ్యం. ఆ దారిలో విడాకులు పొందిన ఆడవాళ్లు మొత్తం నలుగురే, మొదటామె జేన్ ఆడిసన్, 1801లో.

నన్ను నిద్ర పోనీకుండా చేసింది మాత్రం ఆ డబ్బు దావానే. అది భర్తకీ రెండో మగాడికీ మధ్య కేసు, భార్య అందులో పార్టీ కానే కాదు. పార్టీలైన ఆ మగాళ్లిద్దరూ కూడా బోనెక్కి సాక్ష్యం చెప్పేదానికి లేదు. మరి మాట్లాడేది ఎవరు? పనోళ్లు. దాసీ, వంటామె, బండి తోలేవాడు. నా చాప్టర్‌లో హన్నా అనే దాసీని లాయరు అడుగుతాడు, సోఫా మీద గుడ్డ నలిగి ఉండిందా అని. ఉండింది అంటుంది. నిజమే చెప్తా ఉంది, పొద్దున ఎలిజబెత్ పిల్లోడు దాని మీద ఎక్కి ఆడినాడు, కానీ ఆ మాట ఎవరూ అడగరు కాబట్టి ఆ పిల్ల చెప్పదు. జ్యూరీ నలిగిన గుడ్డనే పట్టుకుంటుంది. ఈ సీన్ చదివి మా వదిన ఫోన్ చేసి, "ఏం పాపా, ఊళ్లో పంచాయితీలో అయినా ఆడమనిషి వెనక నిలబడి ఒక మాట అరుస్తుంది కదా, ఈమెని ఎవురూ అడగనే అడగరా?" అనింది. అడగరు వదినా, అదే నా నవల.

కాబట్టి ఎలిజబెత్‌కి కెప్టెన్ మీద నమ్మకం అనేది ప్రేమ డైలాగుల్లో కుదరదని తేల్చుకున్నా. కెప్టెన్ లాయరు, కేసు పోరాడకుండా వదిలేస్తే నష్టపరిహారం కట్టి బయట పడొచ్చు, పోరాడితే న్యూస్ పేపర్లన్నీ దీని గురించే రాస్తాయి అంటాడు. వదిలేస్తే ఆమె మీద పడ్డ నింద నిజమైపోతుంది, పోరాడితే ఆమె పేరు ఊరంతా నలుగుతుంది, ఏదైనా మునిగేది ఆమే. అప్పుడు కెప్టెన్, "ఆమెని అడిగి చెప్తా" అంటాడు. మొత్తం పుస్తకంలో ఆమె అభిప్రాయం అడిగిన మొదటి మనిషి. నష్టపరిహారం కట్టలేకపోతే అప్పుల జైలుకి పోయే ప్రమాదం కూడా ఉండి అడుగుతాడు కాబట్టే ఆ మాటకి బరువు, ఊరికే తియ్యగా మాట్లాడే హీరోలంటే నాకు పడదు.

ఇట్లాంటివి రాసేవాళ్లకి పనికొస్తుందని చెప్తా ఉన్నా, గూగుల్ షీట్స్‌లో ఒక టేబుల్ పెట్టుకోండి: తేదీ, ఏ పుకారు, ఎవరు ఎవరికి చెప్పినారు, అప్పటికి ఎలిజబెత్‌కి తెలుసా లేదా. రచ్చ కథలో పాత్రకి తెలియాల్సిన టైముకంటే ముందే విషయం తెలిసిపోతే మొత్తం కూలిపోతుంది. ఇంకోటి, కోర్టు సీన్లు ముందు వాయిస్ టైపింగ్‌లో పలికి తర్వాత దిద్దుకుంటా ఉన్నా, ప్రశ్న జవాబు సహజంగా వస్తాయి. అలిపిరి వైపు పొద్దున్నే నడిచేటప్పుడు బాగా కుదురుతుంది, జనం పెరిగినాక మైకు ఏం వింటుందో దానికే తెలీదు.

స్కాట్లాండుకి పోయి విడాకులు తీసుకోవచ్చు కదా అని మా తమ్ముడు అడిగినాడు. అక్కడ చట్టం వేరే, ఆడవాళ్లు కూడా భర్త వ్యభిచారం చూపించి విడాకులు తీసుకోవచ్చు, లార్డ్ పాజెట్ అనే ఇంగ్లీషు దొర భార్య 1810లో అట్లనే తీసుకునింది. కానీ ఇక్కడ తప్పు మోపింది భర్త, పైగా భర్త వ్యభిచారం చేసినాడని చూపించేదానికి ఎలిజబెత్ దగ్గర ఏ రుజువూ లేదు. ఆ దారి మూసేసినా.

ఇంక చర్చి కోర్టు చాప్టర్. లండన్‌లో చర్చి కోర్టులు నడిచే డాక్టర్స్ కామన్స్‌లో సాక్ష్యాలన్నీ రాతలోనే, ఎలిజబెత్ తరఫున కేసు నడిపేదానికి అక్కడ ప్రాక్టర్ అనే చర్చి కోర్టు లాయరు ఉంటాడు, అందుకే హన్నాని మళ్లీ ప్రశ్నించే అవకాశం అక్కడ పెడతా. పిల్లోడి సంగతే కష్టంగా ఉంది. 1839 చట్టం దాకా పిల్లలు పూర్తిగా తండ్రి చేతిలోనే, 1811లో ఆమెకి ఏ చట్టం తోడు రాదు, కాబట్టి సుఖాంతం రాయాలన్నా ఆ పిల్లోడు ఏమైనాడో జవాబు ఉండాల్సిందే. హన్నా నోట్లోంచి ఆ పిల్లోడి పేరు వచ్చే సీన్ ముందు రాసేసి, దాని తర్వాతే మిగతా ప్లాట్ కదిలిస్తా.