అమ్మాయి గుండె సంగతి అమ్మాయికే తెలియాలి

అమెరికాలోని ఎడిసన్‌లో మా వంటగది గుమ్మం మీద మా అమ్మాయి ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలున్నాయి. నాలుగో ఏటి గీతకూ ఐదో ఏటి గీతకూ మధ్య నా బొటనవేలు కూడా పట్టదు. లుకేమియాకు, అంటే రక్త క్యాన్సరుకు, కీమో, స్టెరాయిడ్లు నడిచిన ఏడాది అది. చికిత్స ముగిశాక గీతలు మళ్లీ ఎడంగా జరిగాయి. మెదడుకు రేడియేషన్ ఇవ్వాల్సి రాలేదు కాబట్టి ఎత్తు చాలావరకు అందుకుంటుందని డాక్టరు ముందే చెప్పారు. ఇప్పుడు మా అమ్మాయికి 13 ఏళ్లు, నా చెవి దాకా వచ్చింది.

ఎత్తు సంగతి గుమ్మం చెబుతుంది. గుండె సంగతి తెలియాలంటే ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, తీయాల్సిందే. కీమోలో ఎక్కించిన డాక్సోరుబిసిన్ అనే ఎర్రటి మందు క్యాన్సరు కణాలతో పాటు గుండె కండరాన్నీ దెబ్బతీయగలదు. ఆ బలహీనత ఏళ్లు గడిచాక కూడా బయటపడవచ్చు. అందుకే ఒంట్లోకి వెళ్లిన మొత్తం మోతాదును బట్టి కొందరికి 2 ఏళ్లకు, కొందరికి 5 ఏళ్లకు ఒకసారి ఎకో తీస్తారు. మా అమ్మాయికి 5 ఏళ్లకు.

నిరుడు వేసవిలో తెనాలి వెళ్లినప్పుడు మా అత్తగారు నన్ను పక్కకు పిలిచారు. "ఆ జబ్బు పేరు ఎవరి దగ్గరా ఎత్తకమ్మా, రేపు పెళ్లి కావలసిన పిల్ల" అన్నారు. చికిత్స నడిచినన్నాళ్లూ శనివారాలు ఒంటిపూట ఉన్న మనిషి ఆవిడ. నేను తలూపాను. అలా తలూపడం తప్పని తిరిగొచ్చాక అర్థమైంది. గర్భం దాల్చిన స్త్రీ గుండె మామూలు కంటే 30 నుంచి 50 శాతం ఎక్కువ రక్తాన్ని పంపు చేయాలి. ఈ మందు పడిన అమ్మాయిలకు గర్భానికి ముందో, తొలి నెలల్లోనో గుండె పరీక్ష చేయించాలి. పెళ్లి కోసమని దాచిన మాట పురుడు పోసే డాక్టరుకూ అందకపోతే అమ్మాయి ప్రాణం మీదికే రావచ్చు.

పోయిన నెల ఎకో గదిలో జెల్ చల్లదనానికి భుజాలు ముడుచుకుని తెరనే చూస్తూ, "అమ్మా, ఈ వాల్వుల్ని నానమ్మకు తెలుగులో ఏమని చెప్పాలి?" అని అడిగింది.

"గుండె తలుపులు అను."

ఆ రాత్రి చికిత్స వివరాల కాగితం చేతబట్టుకుని వీడియో కాల్‌లో తనే అంతా చెప్పింది, అప్పుడు పడిన మందుల దగ్గర నుంచి తర్వాతి ఎకో ఎప్పుడన్నదాకా. అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, "ఆ మందు పేరు మెల్లగా చెప్పమ్మా" అని, గోడ క్యాలెండరు అంచున ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసుకున్నారు.