ఎన్నాళ్ళుంటాదే ఈ సూది?

మా అమ్మ మోకాలి గురించి రాయాలని ఆర్నెల్లుగా అనుకుంటున్నా, ఇవాళ కరెంటు పోయింది, ఫోన్లో చార్జింగ్ ఉంది, ఇంకేం పనిలేదు, రాసేస్తున్నా. మాది పర్లాకిమిడి. పేరుకి ఒడిశా, ఆటో ఎక్కితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఒంట్లో బాగోకపోతే అటు శ్రీకాకుళం పోవాలా ఇటు బరంపురం పోవాలా అని ఇంట్లో ముందు ఒక పంచాయితీ, ఆ తర్వాతే రోగం సంగతి.

అమ్మకి అరవై ఆరు. జీవితమంతా కత్తిపీట మీద కూర్చుని కూరలు తరిగింది, గొంతుక్కూర్చుని ముగ్గులేసింది. నాలుగేళ్ళుగా కుడి మోకాలు, లేచేటప్పుడు గోడ పట్టుకుని "ఒలమ్మ ఒలమ్మ" అనడం. డాక్టరు దగ్గరికెళ్తే తెలుగులో మొదలెట్టి మధ్యలో "ఆంఠు బింధుచి" అని ఒడియాలోకి దిగిపోతుంది, ఆయన తెలుగాయనే, అయినా. ఎక్స్‌రే చూసి ఆయన అన్నమాట మీరూ వినే ఉంటారు, గుజ్జు అరిగిపోయిందమ్మా అని. మాత్రలు చాలాకాలం మింగింది, కడుపులో మంట మొదలైంది, ఇక ఇంజెక్షన్ చేయిద్దామన్నారు. అప్పుడడిగింది అమ్మ, "ఎన్నాళ్ళుంటాదే ఈ సూది?" అని. డాక్టర్ని కాదు, నన్ను.

నాకేం తెలుసు. కానీ ఆ రోజునుంచి అదే పట్టుకుని చదివాను, కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగాను.

మామూలుగా వేసేది స్టెరాయిడ్, ట్రయామ్సినొలోన్ అనే మందు, 40 మిల్లీగ్రాములు. బుడ్డి ఊపితే పాలలా తెల్లగా అవుతుంది, సన్నటి రవ్వలాంటి పొడి అందులో తేలుతుంటుంది. ఆ పొడి కీలులో మెల్లగా కరుగుతుంది కాబట్టే కొన్నాళ్ళు పనిచేస్తుంది. కొందరికి రెండు మూడు వారాలు, కొందరికి మూడు నెలల దాకా. అదే మందుని ఇంకా నిదానంగా వదిలేలా చేసిన రకం కూడా ఒకటుంది, జిల్రెట్టా అని, అమెరికాలో 2017 అక్టోబరులో అనుమతిచ్చారు. 32 మిల్లీగ్రాముల మందుని చిన్న చిన్న పూసల్లో పెట్టారు, ఆ పూసలు చేసింది ఆపరేషన్లో లోపల వేసే, వాటంతటవే కరిగిపోయే కుట్ల జాతి పదార్థంతోనే. పన్నెండు వారాల దాకా నొప్పి తగ్గినట్టు చూపించారు, మందు లేని ఉత్తి ఉప్పునీటి సూదితో పోలిస్తే. మామూలు స్టెరాయిడ్‌తో పోలిస్తే మాత్రం రోజువారీ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కొత్తది కదా అని ఎగబడేవాళ్ళు ఈ ముక్క కూడా చదవాలి.

అమ్మకి వేసింది మామూలు రకమే. ముందు నీరు తీశారు, లేత పసుపు రంగులో సిరంజి సగం దాకా వచ్చింది, అమ్మ దాన్నే చూస్తూ "ఇదంతా నా లోపలిదేనా" అంది. మూడో రోజుకి గోడ పట్టుకోకుండా లేచింది, వీధరుగు మీద కూర్చుని పక్కింటి పిన్నికి కాలు చాపి మరీ చూపించింది. ఇక్కడిదాకా బాగుంది.

చెప్పనిది ఏంటంటే షుగర్. అమ్మకి పదేళ్ళుగా షుగర్ ఉందని చీటీలో రాసుంది, సూది వేసిన చోట ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు, అందుకే ఎక్కడో ఏమిటో రాయను. సూది వేసిన మర్నాడు సాయంత్రం నాలుక పిడచకట్టుకుపోతోందంటే గ్లూకోమీటర్ పెట్టాను, 318. మిషన్ పాడైందేమో అని నా వేలు పొడుచుకుని చూశాను, నాది 104. షుగర్ చూసే డాక్టరుకి ఫోన్ చేస్తే స్టెరాయిడ్ వేశారా అని మొదటి ప్రశ్నే అది. కొన్ని రోజులు పెరిగి దిగుతుంది, పూటపూటా చూసుకోండి అన్నారు. ఆరో రోజుకి 150లోకొచ్చింది. ఆ ఆరు రోజులూ నాకు నిద్రలేదు. మీ ఇంట్లో షుగరున్నవాళ్ళకి మోకాల్లో సూది వేయిస్తుంటే దయచేసి ముందే నోరు తెరిచి చెప్పండి.

రెండు నెలల పది రోజులు పనిచేసింది. తర్వాత మళ్ళీ గోడ.

ఇంకోటి వేయిద్దాం అని మా తమ్ముడు. అప్పుడు చదివినదే నన్ను ఆపింది. 2017లో అమెరికాలో 140 మందికి రెండేళ్ళపాటు, పన్నెండు వారాలకోసారి, సగం మందికి ఈ స్టెరాయిడ్, సగం మందికి ఉప్పునీరు వేసి చూశారు. నొప్పిలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు, గుజ్జు మాత్రం స్టెరాయిడ్ వాళ్ళకే ఎక్కువ అరిగింది. ఎప్పుడో ఒకటి వేయించుకోవడం వేరు, పండగల్లెక్క వేయించుకుంటూ పోవడం వేరు. మోకాలు మార్పిడి ఆపరేషన్ దగ్గర్లో ఉంటే ఇన్ఫెక్షన్ భయంతో ముందు మూడు నెలలు ఈ సూది వద్దంటారు కూడా.

గుజ్జు ఇంజెక్షన్ సంగతీ విన్నాం, హైలూరోనిక్ యాసిడ్, కీలులో జారుడుకి ఉండే జిగురులాంటిది. ఒకసారి వేస్తే ఆర్నెల్లు అంటారు, మూడు చోట్ల అడిగితే మూడు రేట్లు చెప్పారు. సిన్విస్క్ అనే రకాన్ని పుంజు తలమీది ఎర్ర తురాయి నుంచి తీస్తారని చదివి అమ్మకి చెప్పా, "అయితే శనివారం పొడిపించుకోకూడదు" అంది, నవ్వలేక చచ్చాను. అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం దీన్ని మామూలుగా అందరికీ వాడొద్దని చెప్పింది. మన రక్తమే తీసి, మిషన్లో గిరగిరా తిప్పి, అందులో ఒక భాగాన్ని మోకాల్లో వేసే పీఆర్పీ కూడా, ఆస్ట్రేలియాలో 288 మంది మీద ఏడాది చూసి 2021లో ఉప్పునీటికంటే మెరుగు కాదన్నారు. నేను డాక్టర్ని కాదు, బాగయ్యిందనేవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు, వాళ్ళని కాదనను.

చివరికి మాకు పనికొచ్చింది ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన ముక్క, సూది నొప్పి తగ్గించిన ఆ రోజుల్లోనే తొడ కండరం గట్టిపడాలి ఆంటీ, లేకపోతే ఆ రోజులన్నీ వృథా అంది. 2020లో వచ్చిన అమెరికా మిలటరీ ఆసుపత్రుల లెక్కలో కూడా ఏడాది తర్వాత చూస్తే సూది వాళ్ళకంటే ఫిజియోథెరపీ వాళ్ళే మేలు. మేము ఆ రెండు నెలల పది రోజులూ వీధరుగు మీద గడిపేశాం మరి.

ఇప్పుడు అమ్మ మంచం మీద కూర్చుని, కిలో ఉప్పు ప్యాకెట్ని తువ్వాల్లో చుట్టి మడమకి కట్టుకుని, కాలు తిన్నగా లేపి పది అంకెలు లెక్కపెడుతుంది, ఒడియాలో ఎందుకో తెలీదు, ఏక దుయి తిని అని. కత్తిపీట అటకెక్కింది, ఎత్తు బల్ల మీద చాకుతో తరుగుతోంది, తిట్టుకుంటూనే. మొన్న వంటలోకి ఉప్పు అయిపోతే నేను ఆ ప్యాకెట్ విప్పేశాను, ఆ రోజు ఇంట్లో జరిగిన గొడవ ఇక్కడ రాయను. ఇప్పుడు రెండు ప్యాకెట్లు తెస్తున్నా.